ప్రార్థన ఒకరు చేసిపెట్టేది కాదు

పోయినేడు ఆగస్టులో అమ్మ బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. ముందు రోజు రాత్రి వార్డులో ఆమె మంచం పక్కన కూర్చుని నేను చేసిన మొదటి పని మా పాస్టర్ గారికి ఫోన్ చేయడం. అప్పటికి పదిన్నర దాటింది, ఆయన ఎత్తలేదు. మళ్లీ చేశాను. తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులో అమ్మ పేరు, వయసు, రేపు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్ అని ప్రార్థన అంశం పెట్టాను. కాసేపట్లోనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. అయినా టెన్షన్ తగ్గలేదు. ఇరవై నాలుగు గంటలూ ప్రార్థన చేస్తామని టీవీలో నంబర్ ఇచ్చే ఒక చోటికి కూడా ఫోన్ కలిపాను. అక్కడ ఒకమ్మాయి పేరు, ఊరు, సమస్య అడిగి రాసుకుంది, కానుక పంపే వివరాలు మెసేజ్‌లో వస్తాయని చెప్పి పెట్టేసింది.

అమ్మ ఇదంతా చూస్తూ పడుకుని ఉంది.

"ఎవరికే ఇన్ని ఫోన్లు?"

"ప్రార్థన చేయిద్దామని అమ్మా."

"నువ్వు చెయ్యవా?"

కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అడిగింది. నాకు నలభై ఆరేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం గుడి మానిన దాన్ని కాదు, సండే స్కూల్లో చాలా ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, వాక్యాలు కంఠతా వచ్చు. అమ్మ చెయ్యి పట్టుకుని నోరు తెరిస్తే మాట రాలేదు. ఏడుపు వచ్చి రాకపోతే వేరు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రాలేదు. చివరికి చిన్నప్పుడు నేర్చుకున్న పరలోక ప్రార్థన ఎత్తుకున్నాను. అందులో కూడా ఒక మాట దగ్గర ఆగిపోయాను, ఆ సంగతి తర్వాత చెప్తాను.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మనం ప్రార్థన చేసే జనమా, చేయించుకునే జనమా? మన నోటి మాటలు ఒకసారి గమనించండి. "ప్రార్థన చేయించారా?" "ఎవరి చేత చేయించారు?" "ఆ అయ్యగారి ప్రార్థనలో పవర్ ఉందంట, ఒకసారి తీసుకెళ్లండి." కొత్త బండి కొంటే తాళాలు పట్టుకెళ్లి చేయిస్తాం. పిల్లల హాల్ టికెట్లు, వీసాకి వెళ్లే ముందు పాస్‌పోర్టు, ఇంటి పునాది, అమ్మాయి సంబంధం, అన్నీ తీసుకెళ్లి ఒకరి చేతిలో పెట్టి తలవంచుకుని నిలబడతాం. అమెరికాలో ఉన్న మా బంధువులైతే అక్కడి నుంచి జూమ్‌లో ఇక్కడి అయ్యగారి చేత చేయించుకుంటున్నారు. ఆ ప్రార్థన అయ్యేసరికి మన మనసు తేలికపడుతుంది. అయితే ఆ అరగంటలో మనం దేవుడితో ఒక్క మాటైనా మాట్లాడామా?

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాయనమ్మకు చదువు రాదు. సాయంత్రం కూలి నుంచి వచ్చి, పొయ్యి మీద కూడు ఉడుకుతుంటే, మా పల్లెలో ఐదారు ఇళ్ల ఆడవాళ్లు ఒక ఇంటి ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్లు. రోజుకొక ఇల్లు. ఒక కీర్తన పాడేవాళ్లు, పుస్తకం లేకుండానే అన్ని చరణాలూ. తర్వాత వరసగా ప్రార్థన. ఎవరి వంతు వాళ్లది, తప్పించుకోవడానికి లేదు. నాయనమ్మ ప్రార్థన నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అయ్యా, నువ్వు చూస్తానే ఉండావు. రేపు కలుపు పనికి పోవాల. పెద్దోడికి జొరం తగ్గలా. వాడి సంగతి నువ్వు చూసుకో. ఎదురింటామె మీద పొద్దున నోరు చేసుకున్నా, అది నా తప్పే." ఆ ఎదురింటామె పక్కనే కూర్చుని ఉండేది. అందరూ కలిసి ఆమేన్ అనేవాళ్లు. కూడు మాడకముందే లేచిపోయేవాళ్లు.

పాస్టర్ మా ఊరికి నెలకొకసారి వచ్చేవాడు, ఆయన కింద ఇంకో నాలుగు ఊళ్లు ఉండేవి. ఆయన కోసం ఆగితే ఆ పల్లెలో ప్రార్థనే ఉండేది కాదు.

మా వైపు ఎవరికైనా ఒంగోలు ప్రార్థన కొండ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు ఆ కొండెక్కి ప్రార్థన చేశారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వినేటప్పుడు దొరగారు ఒక్కడే చేతులెత్తి నిలబడినట్టు ఊహించుకుంటాం. కొండెక్కింది ఐదుగురు. జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. ఒక పాట పాడారు, యెషయా 52లో నుంచి సువార్త ప్రకటించేవాడి పాదాలు పర్వతాల మీద ఎంత సుందరమో చెప్పే మాట చదివారు, ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. అందులో ముగ్గురు ఆడవాళ్లు. అది 1854 నాటి సంగతి. ఈరోజు మన సంఘాల్లో చాపల మీద సగానికి పైగా ఆడవాళ్లే ఉంటారు, ఆదివారం మైకు ముందు ప్రార్థన చేసేది మాత్రం దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. జూలియా, రూతు చేసిన ప్రార్థన ఆ రోజు పనికొచ్చింది కదా, మరి వాళ్ల మునిమనవరాళ్ల ప్రార్థన ఇప్పుడెందుకు పనికిరాదు?

అలాగే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ప్రతి సభలోనూ చెప్తారు. ఆ అంకె చెప్పగానే చప్పట్లు. నాకు మాత్రం ఆ మర్నాటి గురించి ఆలోచించాలనిపిస్తుంది. అప్పటి ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒక్కడు, ఆయనతో కొద్దిమంది బోధకులు. బాప్తిస్మం తీసుకున్న జనం తడిబట్టలు ఆరేసుకుని తమ తమ పల్లెలకు వెళ్లిపోయారు. అంతకుముందు రెండేళ్లు ఘోరమైన కరువు. ఆ పల్లెల్లో సాయంత్రం ఎవరు ప్రార్థన చేశారు? వాళ్లే చేసుకున్నారు. చదువు రానివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు. అసలు మాదిగలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చిన ఆ ఉద్యమానికి మొదటి అడుగు వేసిన యెర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. వ్యాపారం కోసం తిరిగే ఊళ్లలోనే, తన బంధువుల ఇళ్లలోనే కూర్చుని దేవుడి గురించి చెప్పాడు, వాళ్లతో ప్రార్థించాడు. ఆయన చేతికి మైకు ఎవరూ ఇవ్వలేదు, ఆయన పేరు ముందు బిరుదులేవీ లేవు.

కొత్తగా వచ్చిన వాళ్లకు క్లౌ దొరగారు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటిది ఇప్పుడు మనకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఊరి వెట్టి చేసే మాదిగ "ఆదివారం రాను" అనడం అప్పట్లో ఎంత పెద్ద మాటో ఆలోచించండి. కరణాలు, మునసబులు వాళ్లని ఊరికే వదల్లేదు, పెట్టాల్సిన బాధలన్నీ పెట్టారు. అయినా ఆదివారం ఆగారు. మా ముత్తాతలకు ఆరాధన అంటే అది. ఒళ్లు నొప్పులతో, భయంతో, ఆ ఒక్క రోజు మా యజమాని వేరు అని చెప్పడం. ఆ రోజుని ఎవరూ వాళ్ల బదులు పాటించలేరు. ఇప్పుడు మన ఆదివారం రెండున్నర గంటల కార్యక్రమం అయిపోయింది. పాటలు పాడేది ముందున్న ఆరుగురు, కీబోర్డు శబ్దానికి మన గొంతు మనకే వినపడదు. ప్రార్థన చేసేది ఒకరు, ప్రసంగం ఒకరిది, మనం కూర్చుని వింటాం, కానుక వేస్తాం, వెళ్లిపోతాం. ఎవరైనా ఆ రోజు రాకపోతే ఏమీ ఆగదు. నాయనమ్మ వాళ్ల చాప మీద ఒక మనిషి రాకపోతే ఒక వంతు ఖాళీగా ఉండేది.

ఇలా అంటే వెంటనే వచ్చే మాట యాకోబు పత్రిక ఐదో అధ్యాయం పద్నాలుగో వచనం. మీలో ఎవడైనా రోగియై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలి. నిజమే, అక్కడ అలాగే ఉంది, అది దేవుని మాటే. మరో రెండు వచనాలు ముందుకు వెళ్లండి. "ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి." పెద్దలు అని లేదు, ఒకనికొరకు ఒకడు. ఆ తర్వాతి మాట ఇంకా గట్టిది, ప్రవక్త ఏలీయా మనవంటి స్వభావం గల మనుష్యుడే అని. మూడున్నరేళ్లు వాన ఆపిన మనిషి కూడా మనలాంటి వాడేనని యాకోబు పనిగట్టుకుని చెప్తున్నాడు. ఎందుకు చెప్తున్నాడు? ప్రార్థనకు ప్రత్యేకమైన మనుషులు ఉంటారని మనం అనుకుంటామని ఆయనకు తెలుసు కాబట్టి. నూనె సీసాల మీద పద్నాలుగో వచనం అచ్చు వేయించుకుంటున్నాం, పదహారు, పదిహేడు వచనాలు ఎక్కడా అచ్చు పడవు.

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో సీమోను అనే గారడీవాడు ఉన్నాడు. డబ్బిచ్చి పరిశుద్ధాత్మ వరం కొనాలని చూసినవాడు అనే అందరికీ గుర్తు. ఆ కథ చివర ఇంకొక విషయం ఉంది. పేతురు అతన్ని గట్టిగా మందలించి, నువ్వు మారుమనస్సు పొంది ప్రభువును వేడుకో అన్నాడు. దానికి సీమోను ఏమన్నాడు? మీరే నా కొరకు ప్రభువుని వేడుకోండి అన్నాడు. నువ్వు చెయ్యి అంటే మీరు చేయండి అన్నాడు. వార్డులో అమ్మ అడిగిన రాత్రి తర్వాత ఈ భాగం చదివినప్పుడు నాకు చాలాసేపు ముందుకు వెళ్లబుద్ధి కాలేదు.

హన్నా కథ కూడా అంతే. పిల్లలు లేని ఆడది మందిరంలో నిలబడి మనసులోనే చెప్పుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి, స్వరం వినపడటం లేదు. అక్కడ కూర్చున్న యాజకుడు ఏలీ, ప్రార్థన ఆయన పనే, ఎదురుగా జరుగుతున్న నిజమైన ప్రార్థనను చూసి ఈమె తాగి ఉందనుకున్నాడు. ఆమె తన బాధ చెప్పాక, నీ మనవిని దేవుడు దయచేయును గాక అన్నాడు. అంటే ప్రార్థన ఆమెది, దానికి ఆమేన్ ఆయనది. పాస్టర్ల చోటు అదేనని నేను నమ్ముతున్నాను, అది చిన్న చోటు కూడా కాదు. ఒక మనిషి తన గుండె విప్పుకున్న తర్వాత పక్కన నిలబడి ఆమేన్ అనేవాడు ఉండటం ఎంత ధైర్యం!

పాస్టర్ల మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. మా పల్లెకు వచ్చిన ఆ పాస్టర్ గారు పాత సైకిల్ మీద, చాలీచాలని జీతంతో, ఐదు ఊళ్లు తిరిగేవారు. ఇప్పుడున్న చాలామంది పరిస్థితీ అంతే. ఊరంతా తమ భారం తెచ్చి ఒక్క మనిషి మీద వేస్తే ఆయన ఏమైపోవాలి? అడిగిన ప్రతివాళ్లకూ ఫలితం వచ్చే ప్రార్థన చేయాలి, రాకపోతే ఆయన ఆత్మీయత మీదే అనుమానం. దాంతో గొంతు పెంచుతారు, ఇంకా పెంచుతారు. పౌలు అంతటివాడు థెస్సలొనీక సంఘానికి "సహోదరులారా, మాకొరకు ప్రార్థనచేయుడి" అని రాశాడు. మన పాస్టర్ గారి కోసం ఆయన ఎదురుగా, ఆయన పేరు పెట్టి, మామూలు విశ్వాసి ఎవరైనా ప్రార్థన చేయడం మీరు ఈ మధ్య ఎప్పుడైనా విన్నారా?

మనవాళ్లు నోరు విప్పకపోవడానికి భాష కూడా ఒక కారణం అనుకుంటాను. "కృపామయుడవైన పరలోకపు తండ్రీ, ఈ దినమున నీ సన్నిధిలో మమ్మును సమకూర్చినందుకై కృతజ్ఞతాస్తుతులు చెల్లించుకొనుచున్నాము" అని మొదలుపెట్టకపోతే అది ప్రార్థనే కాదనే భయం ఒకటి మనలో పాతుకుపోయింది. బైబిల్ తెలుగు పాతది, ప్రార్థన తెలుగు కూడా అలాగే ఉండాలనుకున్నాం. ఆ భాషంటే నాకు ప్రేమే, అందులో పెరిగాను. అది రాని మనిషి నోరు మూసుకోవాల్సి వస్తేనే బాధ. మా పనమ్మాయి ఒకసారి నాతో, "నాకు చదువు రాదక్కా, దేవుడికి ఎట్టా చెప్పాలో తెలవదు" అంది. ఇంట్లో సమస్యలన్నీ నాకు పూసగుచ్చినట్టు చెప్పే పిల్ల! యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, మందిరంలో దూరంగా నిలబడి చెప్పింది ఒక్క ముక్క, దేవా, పాపినైన నన్ను కరుణించు అని. దానికి మించిన భాష ఎవరికీ అక్కర్లేదు.

అలాగని పుస్తకంలో రాసిన ప్రార్థనలు పనికిరావని అనను. పెళ్లయ్యాక నేను బాప్టిస్టు సంఘం నుంచి సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘంలోకి వచ్చాను. మొదట్లో అక్కడి ఆరాధన క్రమం పుస్తకం చూసి, చదివేది ప్రార్థన ఎలా అవుతుందని చిరాకు పడ్డాను. తర్వాత ఒకటి గమనించాను. ఆ పుస్తకంలో ప్రతి పేజీలో ప్రజల వంతు అని ఉంటుంది. అయ్యగారు ఒక మాట అంటే జనం ఒక మాట అనాలి. పాపపు ఒప్పుకోలు అందరూ కలిసి చెప్పాలి, డాక్టరైనా, వాచ్‌మనైనా. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన కొన్నేళ్లకే సిద్ధమైన ఆ సంస్కార క్రమంలో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని శాంతి ఇచ్చిపుచ్చుకోవడం పెట్టారు. కేరళలోని తోమా క్రైస్తవుల పాత ఆచారం నుంచి తెచ్చింది అది. అంటరానితనం ఉన్న ఊళ్లలో పక్కవాడి చేతులు పట్టుకోవడమే ఆరాధనలో ఒక భాగం. అది చూసే పని కాదు, చెయ్యి చాచాలి. కరోనా తర్వాత మా సంఘంలో దూరం నుంచి నమస్కారం పెట్టుకోవడం అలవాటైంది, మళ్లీ చేతుల దాకా రాలేదు. రావాలని నాకు చాలా కోరిక.

ఇప్పుడు వార్డులో నేను ఆగిపోయిన మాట. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము." ఇంతకు ముందు కొన్ని వేల సార్లు చెప్పి ఉంటాను, గుడిలో అందరితో కలిసి అంటుంటే నాలుక దాని పని అది చేసుకుపోతుంది. ఆ రాత్రి ఒక్కదాన్నే, అమ్మ చెయ్యి పట్టుకుని, నా గొంతు నాకు వినపడుతుంటే, బాబాయి గుర్తొచ్చాడు. నాన్న పోయాక ఊళ్లో నాలుగు సెంట్ల ఇంటి స్థలం గురించి మాట మాట పెరిగి, ఏడేళ్లుగా మాకూ ఆయనకూ మాటల్లేవు. అమ్మకి ఇలా అయిందని కూడా నేను చెప్పనివ్వలేదు. ఆ వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను. అమ్మకి తెలిసింది ఎందుకు ఆగానో. ఏమీ అనలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను చెప్పదలచుకున్నది మొత్తం ఇక్కడే ఉంది. పాస్టర్ గారు ఆ రాత్రి ఫోన్ ఎత్తి ఉంటే చాలా మంచి ప్రార్థన చేసేవారు. డాక్టర్ల చేతులను దీవించమనేవారు, అమ్మను స్వస్థపరచమనేవారు, నేను కళ్లు మూసుకుని ఆమేన్ అనేదాన్ని. బాబాయి పేరు ఆ ప్రార్థనలో వచ్చేది కాదు. ఎలా వస్తుంది, ఆయనకి ఆ సంగతే తెలియదు. నా బదులు ఇంకొకరు ప్రార్థించినప్పుడు నా అవసరం దేవుడి దగ్గరికి వెళ్తుందేమో, నేను మాత్రం బయటే ఉండిపోతాను. నేను స్వయంగా నిలబడితేనే ఆయన నన్ను ఒక మాట దగ్గర ఆపగలడు. హెబ్రీ పత్రికలో "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని ఉంది. చేరుదము, అంటే మనమే. దేవునికీ మనిషికీ మధ్య ఒక్కడే మధ్యవర్తి అని పిల్లలకు సండే స్కూల్లో చెప్తాం, ఆ పిల్లలు పెద్దయ్యి మధ్యలో ఇంకా ఎంతమందిని పెట్టుకుంటున్నారో చూస్తూ ఊరుకుంటాం.

మన గృహ కూడికల్లో చుట్టూ కూర్చున్న ప్రతి ఒక్కరికీ వంతు రావాలి, రెండు ముక్కలైనా సరే. మొదట్లో ఎవరూ నోరు విప్పరు, ఆ నిశ్శబ్దాన్ని పాటతో నింపేయకుండా ఓపిక పట్టాలి. ప్రార్థన వెనకాల కీబోర్డు ఆపాలి, ఆ సంగీతం ఉంటే మాటలకు లేని బరువు వచ్చేస్తుంది, మనసు కదిలిందనుకుంటాం. పిల్లలకు కంఠతా వాక్యాలతో పాటు, ఈరోజు స్కూల్లో ఏం జరిగిందో దేవుడికి చెప్పడం నేర్పాలి. ఎవరైనా నా కోసం ప్రార్థన చేయండి అని వస్తే, సరే, ముందు మీరు చెప్పండి, నేను ఆమేన్ అంటాను అనగలగాలి. అలా అనే పాస్టర్ల దగ్గర జనం తగ్గుతారని నాకు తెలుసు. అయినా అనాలి.

ఆపరేషన్ బాగానే అయింది, అమ్మ మూడు వారాలకు వాకర్ పట్టుకుని నడిచింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. రాత్రి అన్నాలయ్యాక వంతులు పెట్టింది, మా ఆయనకి, ఇద్దరు పిల్లలకి, నాకు. చిన్నవాడు మొదటి రోజు "దేవా, అమ్మమ్మ కాలు నొప్పి తగ్గాలి, నాకు లెక్కల పరీక్ష ఉంది, ఆమేన్" అని కళ్లు తెరిచేశాడు. అమ్మ అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.

బాబాయికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అమ్మ బాగుందని మెసేజ్ పెట్టాను, చూసినట్టు నీలం గుర్తులు వచ్చాయి, జవాబు లేదు. నా వంతు వచ్చిన రోజు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఇంకా తడబడుతుంది, అమ్మ చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంటుంది, మళ్లీ మొదటి నుంచి చెప్తాను.